దూరపు వరదకు ఇచ్చిన ఊరు పక్క పేట మంటకు ఎందుకు ఇవ్వలేదు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేటకు దగ్గరలోని ఒక ఊరు. నేను మా యువజన సంఘానికి కార్యదర్శిని. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు మేము చందాలు అడిగితే మూడు రోజుల్లో 70 వేలకు పైగా వచ్చాయి. అడగకుండానే వచ్చి చేతిలో పెట్టి వెళ్లినవారు కూడా ఉన్నారు. ఈ ఏప్రిల్‌లో మా ఊరికి కిలోమీటరు దూరంలోని పేటలో పట్టపగలు నిప్పంటుకుని 12 పూరిళ్లు బూడిదయ్యాయి. ప్రాణనష్టం లేదు గాని వారికి కట్టుబట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. అదే చందా పుస్తకం పట్టుకుని అవే గడపలకు వెళ్తే, వారం తిరిగినా 9 వేలు దాటలేదు. ‘పొయ్యి ఆర్పకుండా పనికి పోతే కాలదా?’ అన్నవారు కొందరు, ‘ప్రభుత్వం ఇస్తుంది కదా’ అన్నవారు కొందరు. మనుషులు అసలు ఎందుకు ఇస్తారు, ఎందుకు ఇవ్వరు? టీవీలో కనబడితేనే జాలి పుడుతుందా? మనసు విరిగిపోయింది. కార్యదర్శి పదవి వదిలేద్దామనుకుంటున్నాను. మీ సలహా కోరుతున్నాను.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలోని బాధ న్యాయమైనది. అయితే ఒక విషయం గుర్తు చేయాలి. బుడమేరు బాధితులకు డబ్బు తెచ్చి ఇచ్చినవారూ, పేట కాలినప్పుడు చేయి వెనక్కి తీసుకున్నవారూ వేర్వేరు మనుషులు కారు. మీరు తట్టినవి అవే గడపలు. ఇంత కొద్ది కాలంలో ఒక ఊరి మనసు రాయిగా మారిపోదు. కాబట్టి ‘వీళ్లకు జాలి లేదు’ అన్న నిర్ధారణకు వచ్చే ముందు, ఆ రెండు సందర్భాల్లో వారికి ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఎవరు ఏమని అడిగారు అన్నవి విడివిడిగా చూసుకోవాలి. దానం చేసేవారి మనసు గురించి పరిశోధకులు చాలాకాలంగా శ్రద్ధగా పనిచేస్తున్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన రెనే బెక్కర్స్, పమాలా వీప్‌కింగ్ అనే ఇద్దరు 500కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించి, 2011లో వెలువరించిన వ్యాసంలో మనుషులను దానానికి పురిగొల్పేవి ఎనిమిది ఉన్నాయని తేల్చారు. అవన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. మీ ఊరికి వర్తించేవాటి గురించే మాట్లాడతాను.

అన్నిటికన్నా బలమైనది, మీ ఉత్తరంలోనే ఉన్న ఆ పొయ్యి మాట. బ్రిటన్‌లో హానా జాగెఫ్కా, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రకృతి వల్ల వచ్చిన విపత్తుకు ఇచ్చినంతగా మనుషుల వల్ల వచ్చిన విపత్తుకు జనం ఇవ్వరని తేలింది. అందుకు వారు చూపిన కారణాలు రెండు. మనుషుల వల్ల జరిగిన నష్టంలో బాధితుల తప్పు కూడా ఎంతో కొంత ఉండే ఉంటుందని దాతలు అనుకుంటారు. అంతేగాక, అలాంటి బాధితులు తమ కాళ్ల మీద తాము నిలబడడానికి పెద్దగా ప్రయత్నించడం లేదని కూడా అనుకుంటారు. నిజంగా తప్పు ఉందో లేదో ఎవరూ విచారించరు. ఉండి ఉంటుందన్న ఊహ ఒక్కటే చేతిని ఆపడానికి చాలు. వరద అనగానే ‘పాపం, దేవుడు దెబ్బ కొట్టాడు’ అంటాం. నిప్పు అనగానే ‘ఎవరి నిర్లక్ష్యం?’ అని అడుగుతాం. మీరు గడప తొక్కక ముందే మీ ఊరిలో ఆ రెండో ప్రశ్న అడిగేశారు, దానికి జవాబు కూడా వారే చెప్పేసుకున్నారు.

దీనికి మన దగ్గర లోతైన వేళ్లు ఉన్నాయి. పాత్రత చూసి దానం చేయాలనీ, అపాత్రదానం వ్యర్థమనీ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. ఎవరైనా అప్పు తీర్చుకోవడానికో, వ్యాపారానికో సాయం అడిగినప్పుడు ఆ విచక్షణ కొంత అవసరం కావచ్చు. నిలువ నీడ లేక, ఏప్రిల్ ఎండలో చెట్టు కింద పసిపిల్లలతో కూర్చున్నవారి ముందు మాత్రం ఆ ప్రశ్న వేయకూడదని నా దృఢమైన అభిప్రాయం. ముందు కూడు, గూడు చూడాలి. నిప్పు ఎక్కడ పుట్టిందో తర్వాత తీరికగా మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా. మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల నుంచి వివరిస్తూ వచ్చిన ఒక సంగతి ఇక్కడ ఉపయోగపడుతుంది. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మడం మనిషికి ఒక ఊరట. ఏ తప్పూ చేయనివారి ఇల్లు కాలిపోయిందని ఒప్పుకుంటే, రేపు మన ఇల్లు కూడా కాలవచ్చని ఒప్పుకోవలసి వస్తుంది. ‘వాళ్లు పొయ్యి ఆర్పలేదు, మేము ఆర్పుతాం’ అనుకుంటే ఆ భయం తప్పుతుంది. కాబట్టి ఆ మాట అన్నవారిలో క్రూరత్వం కన్నా భయమే ఎక్కువగా ఉండి ఉంటుందని నేను అనుకుంటున్నాను. వారితో మీరు కోపంగా కాక నిదానంగా మాట్లాడవలసింది అందుకే.

ఏమని మాట్లాడాలో కూడా చెబుతాను. బుడమేరు వరద ఒక్క వానతోనే రాలేదు. కట్టకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి చివరికి సైన్యం సాయం తీసుకోవలసి వచ్చింది. వాగు పారే దారికి ఇళ్లు అడ్డం వచ్చాయన్న మాట ఆ రోజుల్లో పత్రికలన్నిటా వచ్చింది. అయినా సింగ్ నగర్‌లో మేడల మీద చిక్కుకుని పాలకూ నీళ్లకూ అలమటించినవారిని మీ ఊరిలో ఎవరూ ‘అక్కడ ఇల్లెందుకు కట్టుకున్నారు?’ అని అడగలేదు. అడగకపోవడమే సరైనది. అదే మర్యాద పేటకు కూడా దక్కాలి. తాటాకు, గడ్డి కప్పిన ఇంట్లో ఉండడం ఎవరూ కోరుకుని చేసే పని కాదు. పడమటి గాలి వీచే వేసవి మధ్యాహ్నం, ఇంటి చూరుకు ఇంటి చూరు తగిలే చోట, ఒక్క రవ్వ లేస్తే పన్నెండు కప్పులకు పాకడానికి ఎంతోసేపు పట్టదు. నిప్పు ఒక ఇంటి పొయ్యిలో పుట్టిందనే అనుకుందాం. మిగిలిన పదకొండు ఇళ్లవారు చేసిన తప్పేమిటి? ఈ ప్రశ్నను వాదన కోసం కాకుండా, నిజంగా జవాబు తెలుసుకోవాలన్నట్టుగా అడిగి చూడండి. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

జాగెఫ్కా బృందం చెప్పిన రెండో కారణాన్ని మీరు మేలుకు వాడుకోవచ్చు. బాధితులు ఊరికే కూర్చోలేదని తెలిసినప్పుడు దాతలు ముందుకు వస్తారు. పేటవాళ్లు ఈపాటికి బూడిద ఎత్తిపోసి ఉంటారు, రాటలు పాతి ఉంటారు, తిరిగి కూలికి వెళ్తూ ఉంటారు. వలస వెళ్లిన కొడుకు చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో కొంత డబ్బు పంపి ఉంటాడు. అక్కడికి వెళ్లి, ఎవరు ఏం చేసుకుంటున్నారో కళ్లారా చూసి, చూసింది చూసినట్టు ఊరిలో చెప్పండి. ఒక్క మాట కూడా కల్పించవద్దు. కల్పించవలసిన అవసరం రాదు.

ఇక టీవీ సంగతి. మీ అనుమానంలో నిజం ఉంది, అయితే అది పూర్తి నిజం కాదు. స్వీడన్‌కు చెందిన ఐసెన్సీ, స్ట్రోంబెర్గ్ అనే ఆర్థికవేత్తలు 1968 నుంచి 2002 వరకు జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒలింపిక్స్ వంటి పెద్ద వార్తలు నడుస్తున్న రోజుల్లో విపత్తు వస్తే, దానికి అమెరికా ప్రభుత్వ సాయం అందే అవకాశం తగ్గిపోతోందని అందులో తేలింది. అంటే వార్తల రద్దీ సామాన్యుల జాలినే కాదు, ప్రభుత్వాల నిర్ణయాలను కూడా మార్చేస్తోంది. మన జిల్లాకు ఇది అనుభవంలో ఉన్న విషయమే. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తి 400 మందికి పైగా చనిపోయినప్పుడు దేశమంతా కదిలింది, మన తెలుగువారు కూడా ఉదారంగా ఇచ్చారు. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో పలాస సమీపంలో తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో కొబ్బరి తోటలు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, కరెంటు లేక బోర్లు నడవవు, బోర్లు నడవక తాగడానికి నీళ్లు లేవు. కిడ్నీ జబ్బులతో అసలే కుంగిపోయిన ఉద్దానానికి మంచినీరు అందకపోవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పనక్కరలేదు. అయినా దేశం చూపు కేరళ వైపు మళ్లినంతగా ఇటు మళ్లలేదు.

ఎందుకు మళ్లలేదన్నదానికి నేను నమ్మే జవాబు ఒకటి ఉంది. ఇయోవానిస్ ఎవాంజెలిడిస్, బ్రామ్ వాన్ డెన్ బెర్గ్ అనే ఇద్దరు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, విపత్తులకు వచ్చే విరాళాలు చనిపోయినవారి సంఖ్యను బట్టి పెరుగుతాయి గాని, బతికి నష్టపోయినవారి సంఖ్యను బట్టి పెరగవు. సాయం కావలసింది మాత్రం బతికి ఉన్నవారికే. తిత్లీ విషయంలో ముందస్తు హెచ్చరికల వల్ల, ప్రజలను తీరం నుంచి తరలించడం వల్ల మన జిల్లాలో మరణాలు తక్కువగా ఉన్నాయి. అది గర్వించదగిన విషయం. కాని మరణాలు తక్కువ కావడం వల్లనే బయటివారికి నష్టం కూడా తక్కువే అనిపించింది. నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ముప్పై ఏళ్ల చెట్టు కూలిపోతే ఆ రైతు పోగొట్టుకున్నది ఆ ఏటి పంట ఒక్కటే కాదు, తన నడివయసు సంపాదన మొత్తం. ఈ లెక్క మరణాల పట్టికలో ఎక్కడా కనిపించదు. మీరు ఊరిలో చందా అడిగినప్పుడు ‘ప్రాణనష్టం లేదు’ అన్న మాటతో మొదలుపెట్టారేమో ఆలోచించండి. ఉత్తరంలో నాకు అలాగే రాశారు. దేవుడి దయ వల్ల అందరూ బతికారు అని విన్న మనిషి ఊపిరి పీల్చుకుని, అంతటితో తన బాధ్యత తీరిందనుకుంటాడు. ఆ పన్నెండు కుటుంబాలు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటున్నాయన్నది ముందు చెప్పండి.

పన్నెండు కుటుంబాలు అని అంటున్నాను గాని, నిజానికి ఆ అంకెతో కూడా మనసులు కదలవు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో చాలా పేరు పొందింది. తమ దగ్గర 5 డాలర్లు ఉన్నవారిలో కొందరికి ఆఫ్రికాలో లక్షల మంది ఆకలితో ఉన్నారన్న అంకెలు చదవడానికి ఇచ్చారు. మరికొందరికి మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చెప్పారు. అంకెలు చదివినవారు సగటున 1.14 డాలర్లు ఇస్తే, పాప గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. పాప కథతో పాటు అంకెలు కూడా చదివినవారు ఇచ్చింది 1.43 డాలర్లే. అంకె వచ్చి చేరగానే మనసు లెక్కల్లోకి మళ్లి జాలి చల్లబడిపోయింది. కాబట్టి మీరు 12 ఇళ్ల గురించి చెప్పడం మానేసి, ఒక ఇంటి గురించి చెప్పండి. ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వేసంగి కూలి డబ్బుతో ఏం కొనుక్కుని దాచుకున్నారు, డ్రమ్ములో ఎన్ని కుంచాల బియ్యం మాడిపోయాయి, పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల ఉంటే ఆమె సర్టిఫికెట్ల గతి ఏమిటి – ఇవి చెప్పండి.

ఇక్కడ ఒక హద్దు ఉంది, దాన్ని మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదు. ఏడుస్తున్న పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్‌లో తిప్పవద్దు. ఆ ఇంటివారిని అడిగి, వారు ఒప్పుకున్నంత మేరకే చెప్పండి. పేరు వద్దంటే పేరు చెప్పవద్దు. పక్క ఊరివారే కదా, రేపు సంతలో ఎదురుపడతారు. తమ దైన్యం అందరి ఫోన్లలోనూ ఉందని తెలిసి వారు తల దించుకుని నడిచే పరిస్థితి తెచ్చిన సాయం, ఎంత పెద్దదైనా, నా దృష్టిలో సాయం కాదు.

మీరు ఉత్తరంలో రాయని ఒక విషయం అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ పేటవారు మీ ఊరివారి దృష్టిలో ‘మనవాళ్లా’? విజయవాడ విషయంలో అందరం తెలుగువాళ్లం అన్న భావన ఊరంతటినీ ఒక్కటి చేసింది. పేట విషయం వచ్చేసరికి ఆ ‘మనం’ కుంచించుకుపోయి, వీధికీ కులానికీ పరిమితమై ఉండవచ్చు. అలా జరగలేదంటే చాలా సంతోషం. జరిగి ఉంటే, దాన్ని పైకి చెప్పడానికి సంకోచించి పొయ్యి మీదకు నెట్టేసి ఉండవచ్చు. ఇంగ్లాండులో మార్క్ లెవిన్ బృందం 2005లో ఒక ప్రయోగం ప్రచురించింది. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులను పిలిచి, వారు నడిచి వెళ్లే దారిలో ఒక మనిషి జారిపడి కాలు నొప్పితో బాధపడుతున్నట్టు నటించే ఏర్పాటు చేశారు. తమ జట్టు గురించే మాట్లాడించినప్పుడు, తమ జట్టు చొక్కా వేసుకున్నవాడికి ఎక్కువగా సాయం చేశారు గాని ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా వేసుకున్నవాడిని అంతగా పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ ప్రేమికులుగా తమను తాము తలచుకునేలా చేసినప్పుడు మాత్రం అదే లివర్‌పూల్ చొక్కావాడికి కూడా సాయం అందింది. మనుషులు మారలేదు, తమవారు అనుకున్న పరిధి పెరిగింది, అంతే. మీ ఊరికీ పేటకూ ఉమ్మడిగా ఉన్నవి ఏవో మీకే బాగా తెలుసు. ఒకే చెరువు నీరు, ఒకే బడి, ఒకే డ్వాక్రా సమాఖ్య, మీ వరి చేలో నాట్లు వేసిన చేతులు. చందా అడిగేటప్పుడు ‘పేటలో అగ్నిప్రమాద బాధితులు’ అనకండి. ‘మన బడిలో చదివే పిల్లల ఇళ్లు’ అనండి, ‘మన పొలాల్లో నాట్లు వేసినవాళ్ల ఇళ్లు’ అనండి. అవి ఎలాగూ నిజాలే.

అడగడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు; పరిశోధకులు కూడా దానాల్లో ఎక్కువ భాగం అడిగితేనే వస్తాయని చెబుతున్నారు. అయితే ఎవరు అడిగారన్నది కూడా లెక్కకు వస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన తుపానులో దివిసీమలో సుమారు 10,000 మంది చనిపోయినప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ప్రజల్లోకి వచ్చి విరాళాలు సేకరించారు. జనం తాము ఎంతో అభిమానించేవారు స్వయంగా చేయి చాచడం చూసి కాదనలేకపోయారు. మీకు సినిమా నటులు అవసరం లేదు. ఊరిలో అందరూ గౌరవించే రిటైరైన మాస్టారు ఉంటారు, బడి పంతులమ్మ ఉంటుంది, పురుడు పోసిన నర్సమ్మ ఉంటుంది. వారిలో ఒకరిని వెంట తీసుకుని వెళ్లండి. కుర్రాళ్లు నలుగురు పుస్తకం పట్టుకుని వస్తే వినాయక చవితి చందా అనుకునే ఊళ్లు మనవి.

చందా పుస్తకంలో మొదటి పేజీ తీసి చూడండి. మొదటి పేరు ఎదుట 500 ఉంటే, దాని కింద వరుసగా 500లు, మధ్యలో ఒకటో రెండో 200లు కనిపిస్తాయి. మొదటి పేరు ఎదుట 50 ఉంటే పేజీ అంతా 50 చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో ఒక రేడియో స్టేషన్ విరాళాల సేకరణలో జెన్ షాంగ్, రేచెల్ క్రోసన్ ఇదే పరిశీలించి 2009లో ప్రచురించారు. ఇంతకుముందు ఒకరు 300 డాలర్లు ఇచ్చారని చెప్పినప్పుడు, ఏమీ చెప్పని వారికన్నా సగటున 12 శాతం ఎక్కువ ఇచ్చారని తేలింది. పేట కోసం మొదలుపెట్టిన పుస్తకంలో మొదటి నాలుగు పేర్లు ఎవరివో, ఎంతెంత రాశారో చూసుకోండి. తక్కువగా ఉంటే కొత్త పుస్తకం తెరిచి, మనస్ఫూర్తిగా ఇవ్వగలిగినవారి దగ్గరకు ముందు వెళ్లండి. లేనివారు పది రూపాయలు ఇచ్చినా అంతే మర్యాదగా రసీదు రాసి ఇవ్వాలని మీకు వేరే చెప్పనక్కరలేదు.

‘ప్రభుత్వం ఇస్తుంది కదా’ అన్న మాటకు వాస్తవంతోనే జవాబు చెప్పండి. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో అగ్నిప్రమాదం కూడా ఉంది, కాబట్టి పరిహారం వారి హక్కు. కాని 2022లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం గుడిసె పోయినందుకు ఇచ్చేది 8,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం దానికి కొంత కలిపినా, ఆ డబ్బుతో రాటలు, కప్పు, మంచం, పాత్రలు, బియ్యం అన్నీ సమకూరుతాయా అని అడిగితే ఇంటి ఖర్చు తెలిసిన ఏ ఇల్లాలైనా సమాధానం చెబుతుంది.

ఆ మాట వెనుక ఒక్కోసారి మరో అనుమానం దాగి ఉంటుంది: ఇచ్చినది చేరుతుందా అని. ఇది మీ మీద నింద కాదు. ఏ ఊరిలోనైనా వెనకటి చందాల లెక్కలు చెప్పని సందర్భాలు జనానికి గుర్తుంటాయి. బుడమేరు కోసం వసూలైన 70 వేలు ఎలా పంపారో, ఎవరికి చేరాయో ఊరిలో చెప్పారా? చెప్పకపోతే పేట గురించి మాట్లాడే ముందు ఆ లెక్క రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి. ఫోన్‌పే ద్వారా వచ్చింది ఎంత, నగదు ఎంత, రవాణా ఖర్చు ఎంత, అంతా ఉండాలి. పేట కోసం ఇప్పటికి వచ్చిన తొమ్మిది వేలతో ఏం కొన్నారో కూడా దాని పక్కనే అంటించండి. తమ డబ్బు ఏ ఇంటి కప్పు మీద బరకంగా మారిందో చూడగలిగినవాడు రెండోసారి అడిగినప్పుడు మొహం చాటేయడు. ఆదాయపు పన్ను మినహాయింపు వంటివి రిజిస్టరైన సంస్థలకు సంబంధించినవి. మీ ఊరి దాతల్లో వాటి కోసం చూసేవారు చాలా తక్కువ కనుక దాని గురించి దిగులు పడనక్కరలేదు.

కొందరు పేరు కోసమే ఇస్తారని మీకు చిరాకు ఉండవచ్చు. ఉత్తరంలో రాయలేదు గాని, చందాలు వసూలు చేసే ప్రతివారికీ ఆ చిరాకు ఉంటుంది. జేమ్స్ ఆండ్రియోనీ అనే ఆర్థికవేత్త 1990లోనే, మనిషి ఎదుటివారి మేలు కోసం మాత్రమే కాక, ఇచ్చినందుకు తనలో కలిగే సంతోషం కోసం కూడా ఇస్తాడని వాదించారు. నాకు అందులో తప్పు కనిపించదు. గుప్తదానం గొప్పదే. కాని మైకులో పేరు చదివించుకున్న వెయ్యి రూపాయలతో కొన్న బియ్యం కూడా అన్నమే అవుతుంది. మీరు చూసుకోవలసింది ఒక్కటే: దాతల పేర్లు ఎన్నైనా చదవండి గాని, తీసుకునేవారిని వరుసలో నిలబెట్టి సంచీ చేతికిస్తూ ఫొటో దిగే పని మాత్రం వద్దు.

ఏం అడగాలన్నది కూడా ముఖ్యమే. తిత్లీ తర్వాత ఉద్దానంలో ఒక బడి వరండాలో నేను చూసిన పాత బట్టల కుప్ప ఇప్పటికీ గుర్తుంది. జరీ అంచు ఊడిన పెళ్లి కోటు, గుండీలు లేని చొక్కాలు, ఒకే కాలి చెప్పు, ఉతకని దుప్పట్లు. పంపినవారికి దురుద్దేశం లేదు. ఏం కావాలో ఎవరూ చెప్పకపోతే ఇంట్లో అక్కర్లేనిది ఇచ్చేస్తారు. ఆ వరండా పక్కనే ఒక ఆడమనిషి కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ఉన్నాయా అని అడిగి, లేవంటే ఖాళీ బిందెతో వెళ్లిపోయింది. అందుకే ఇంటింటికీ వెళ్లి ఒక జాబితా రాసుకుని అదే చదివి అడగండి. ఒక ఇంటికి కావలసిన బరకం ధర ఇంత, అల్యూమినియం గిన్నెల సెట్టు ఇంత, ఇద్దరు పిల్లల పుస్తకాల సంచులు ఇంత అని చెప్పినప్పుడు, ‘నేను బరకం ఇస్తాను’ అనేవాడు దొరుకుతాడు. ‘తోచింది ఇవ్వండి’ అన్నప్పుడు తోచేది చిల్లరే.

పదవి వదిలేయవద్దు. ఏ విపత్తుకైనా విరాళాలు మొదటి వారంలో ఉరకలేసి తర్వాత ఆగిపోతాయి, అవసరం మాత్రం ఆగదు. కాబట్టి ఆలస్యమైపోయిందన్న బెంగ అక్కర్లేదు. జూన్‌లో బడులు తెరుస్తారు, ఆ వెంటనే వానలు మొదలవుతాయి. మళ్లీ అడగడానికి ఆ రెండూ ఊరందరికీ అర్థమయ్యే కారణాలు. ఈలోగా డబ్బు అవసరం లేని పని ఒకటి ఉంది, దాన్ని రేపే మొదలుపెట్టండి. చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లను పేటకు పంపి, ఏ ఇంట్లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, బడి సర్టిఫికెట్లు కాలిపోయాయో రాయించండి. అగ్నిమాపక కేంద్రం నుంచి ప్రమాద ధ్రువపత్రం తీసుకున్నారో లేదో కనుక్కోండి, తీసుకోకపోతే దరఖాస్తు రాసి పెట్టండి. పరిహారం జాబితాలో 12 కుటుంబాల పేర్లూ ఉన్నాయో లేదో గ్రామ సచివాలయంలోనూ, తహసీల్దార్ కార్యాలయంలోనూ అడిగి, లేనివారి చేత అర్జీ పెట్టించండి. ఆ కుర్రాళ్లు తిరిగి వచ్చి తాము చూసింది వాళ్ల ఇళ్లలో చెబుతారు. కొత్త చందా పుస్తకంతో ముందు ఆ ఇళ్లకే వెళ్లండి.